డిజిటల్ శిక్షణ కరపత్రాలు: అపోహలు – వాస్తవాలు

అనంతపురం జిల్లా పల్లెల్లో స్మార్ట్‌ఫోన్ వాడకం నేర్పే శిక్షణలకు కరపత్రాలు, గోడపత్రికలు తయారుచేసే పనిలో ఉన్నందున, నిధులిచ్చేవారి నుంచీ, అచ్చుకు పేజీలు అమర్చే డీటీపీ కేంద్రాల నుంచీ తరచూ వినవచ్చే కొన్ని అభిప్రాయాలను ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: చదువు రానివారికి బొమ్మలుంటే చాలు.

వాస్తవం: 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి జిల్లాలో మహిళల అక్షరాస్యత సుమారు 54 శాతమే కనుక బొమ్మలు తప్పనిసరే. అయితే భూతద్దం వెతుకులాటకు గుర్తనీ, పళ్లచక్రం సెట్టింగులకు గుర్తనీ ఫోన్ అలవాటున్నవారికే తెలుసు. ఈ శిక్షణకు వచ్చేవారు నేర్చుకోవలసినవే అవి. అందువల్ల పొదుపు సంఘం పాసుపుస్తకాన్నీ, దాని పక్కనే అదే నిల్వ మొత్తం కనిపిస్తున్న ఫోన్ తెరనూ వేయడం మేలు. బడికి వెళ్లే పిల్లలు ఇంట్లో పైకి చదివి వినిపిస్తారు గనుక వాక్యాలు కూడా వినగానే అర్థమయ్యేలా ఉండాలి.

అపోహ: క్యూఆర్ కోడ్ వేస్తే వివరాలన్నీ అందినట్లే.

వాస్తవం: స్కాన్ చేయడం వచ్చినవారికి ఈ శిక్షణతో అంతగా పనిలేదు. పైగా, డబ్బు అందుకోవడానికి కోడ్ స్కాన్ చేయనక్కరలేదనీ, పిన్ కొట్టనక్కరలేదనీ తరగతిలో హెచ్చరిస్తూ, ఎవరైనా మరో కోడ్ అతికించగల గోడపత్రికను నమ్మమనడం పొసగదు. శిక్షణ జరిగే చోటు, రోజు, వేళ, ఫోన్ నంబరు పెద్ద అంకెల్లో వేసి, ఆన్‌లైన్ మోసాలపై ఫిర్యాదుకు ఉన్న 1930ని విడిగా చూపాలి.

అపోహ: అక్షరాలు పెద్దవి చేస్తే చదవడం సులువు.

వాస్తవం: తెలుగులో ఒత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. ఇంగ్లీషుకు అమర్చిన పంక్తుల మధ్య ఎడాన్నే ఉంచి అక్షరాలను పెంచితే, పై పంక్తిలోని ఒత్తు కింది పంక్తిలోని గుడిని ఒరుసుకుంటుంది. ఎడం కూడా పెంచాలి, అందుకు చోటు చాలకపోతే మాటలు తగ్గించాలి. ఫోన్లలో, కంప్యూటర్లలో మామూలుగా టైపు చేసే యూనికోడ్ పాఠాన్ని డీటీపీ కేంద్రాలు వాడే ‘అను’ అనే పాత రకం ఫాంట్లలోకి మార్చినప్పుడు ఒత్తులు చెదిరే ప్రమాదం ఉంది కాబట్టి, వాట్సాప్‌లో వచ్చిన ఫొటో చూసి సరేననకుండా, కాగితంపై తీసిన ప్రూఫునే దిద్దాలి.

అపోహ: పెద్ద ఫ్లెక్సీ కడితే ఊరంతా చదువుతుంది.

వాస్తవం: ఊరంతా చూస్తుందేమో గానీ, నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీల నడుమ దాన్ని ఆగి చదివేవారు తక్కువ. సంఘం సమావేశంలో చేతికిచ్చిన కాగితం ఇంటిదాకా వెళుతుంది. వేరుశనగ విత్తే రోజుల్లో పగలు ఊళ్లో మనుషులు దొరకరు గనుక, ఫ్లెక్సీకి అయ్యే సొమ్ముతో సాయంత్రం వేళ ఆటో మైకులో చాటింపు వేయించవచ్చు.