సున్నా మార్కులు వస్తే కెరీర్ ముగిసినట్టేనా? ఇండీ రాక్ రివ్యూల మీద అపోహలు - వాస్తవాలు

ఇండీ రాక్ అంటే పెద్ద కంపెనీల అండ లేకుండా సొంతంగానో, చిన్న కంపెనీల ద్వారానో చేసుకునే రాక్ సంగీతం. ఆ ఆల్బమ్‌లకు రివ్యూలు రాయడం నా పని. "అది కూడా ఒక పనేనా?" అని మా ఇంట్లోనే ఇప్పటికీ అడుగుతుంటారు, కాబట్టి బయటివాళ్లకు అపోహలు ఉన్నాయంటే వింతేమీ లేదు. పైగా రివ్యూ అనగానే మనకు గుర్తొచ్చేది సినిమా విడుదలైన రోజు మధ్యాహ్నానికల్లా పడిపోయే 2.75, 3.25 రేటింగులే. ఆ అలవాటుతోనే మన కుర్రాళ్లు అమెరికా, కెనడాల ఇండీ సంగీతం మీద వచ్చే రివ్యూలు కూడా చదువుతున్నారు. ఒంటరిగా గదిలో కూర్చుని పాటలు చేసుకునేవాళ్ల విషయంలో ఆ లెక్క చాలాచోట్ల తప్పుతుంది. నన్ను తరచుగా అడిగే మాటలతోనే మొదలుపెడతాను.

అపోహ: మార్కు వేసేది రివ్యూ రాసిన మనిషే.

వాస్తవం: అన్ని చోట్లా కాదు. ర్యాన్ ష్రైబర్ 1996లో మినియాపోలిస్‌లో మొదలుపెట్టిన పిచ్‌ఫోర్క్ అనే సంగీత రివ్యూల వెబ్‌సైట్‌నే తీసుకోండి. 0.0 నుంచి 10.0 దాకా దశాంశాలతో మార్కులు వేసే పద్ధతికి పేరుపడింది అదే. అక్కడ రాసిన వ్యక్తి, ఎడిటర్లు మాట్లాడుకుని అంకె ఖాయం చేస్తారు. అందుకే ఒక్కోసారి వ్యాసంలో కనిపించే ఉత్సాహానికీ పైనున్న అంకెకూ పొంతన కుదరదు. అందరి రివ్యూలూ పోగేసి ఒకే అంకె చేసే మెటాక్రిటిక్ సైట్ దగ్గర వ్యవహారం ఇంకో మెట్టు పైకి పోతుంది. ఎవరైనా 'ఏ మైనస్' (A-) గ్రేడు ఇస్తే దాన్ని 91గా, 'బీ మైనస్' (B-) ఇస్తే 67గా మార్చేసి సగటు తీస్తారు. అందులోనూ కొన్ని పత్రికలకు ఎక్కువ వెయిటేజీ, కొన్నింటికి తక్కువ. బీ మైనస్ ఇచ్చినాయన "పర్లేదు, వినొచ్చు" అనుకుని ఉంటాడు. చూసేవాడికి మాత్రం 67 అంటే బొటాబొటిగా గట్టెక్కిన మార్కుల్లా కనిపిస్తుంది.

అపోహ: పెద్ద పత్రిక సున్నా ఇచ్చిందంటే ఆ మనిషి పని అయిపోయినట్టే.

ఇది సగం నిజం, అందుకే దీన్ని వదిలించడం కష్టం. ఒకే సున్నా ఇద్దరి మీద ఎలా పనిచేసిందో చూడండి.

అమెరికా గాయని లిజ్ ఫేర్ 1993లో మాటడార్ అనే ఇండిపెండెంట్ లేబుల్ (రికార్డు కంపెనీ) ద్వారా 'ఎగ్జైల్ ఇన్ గైవిల్' విడుదల చేసింది. విలేజ్ వాయిస్ పత్రిక అప్పట్లో విమర్శకులతో ఏటా జరిపిన పోల్‌లో ఆ ఏడాది మొదటి స్థానం దానిదే. పదేళ్ల తర్వాత, 2003లో, క్యాపిటల్ అనే పెద్ద కంపెనీ ద్వారా తన పేరునే టైటిల్‌గా పెట్టి ఇంకో ఆల్బమ్ తెచ్చింది. పాప్ గాయని ఆవ్రిల్ లవీన్‌కు హిట్లు ఇచ్చిన మ్యాట్రిక్స్ అనే పాటల రచయితల బృందంతో కలిసి అందులో కొన్ని పాటలు చేసింది. ఇండీ పాఠకులకు ఒళ్లు మండింది, పిచ్‌ఫోర్క్ 0.0 ఇచ్చింది. అదే ఆల్బమ్‌లోని 'వై కాంట్ ఐ' పాట అమెరికా పాటల ర్యాంకుల జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లో 32వ స్థానం దాకా ఎక్కింది. ఆమెకు అంతకంటే పెద్ద హిట్ ఇంకోటి లేదు. కారులో రేడియో పెట్టుకుని ఆ పాట విన్నవాళ్లలో ఎక్కువమందికి పిచ్‌ఫోర్క్ అనేది ఒకటుందని కూడా తెలియదు.

మరుసటి ఏడాది ట్రావిస్ మారిసన్ వంతు. వాషింగ్టన్ డీసీకి చెందిన డిస్మెంబర్‌మెంట్ ప్లాన్ బ్యాండ్‌లో గాయకుడు. ఆ బ్యాండ్ 1999 ఆల్బమ్ 'ఎమర్జెన్సీ అండ్ ఐ'కి ఇదే పిచ్‌ఫోర్క్ 9.6 ఇచ్చింది. బ్యాండ్ విడిపోయాక 2004లో సోలోగా తెచ్చిన 'ట్రావిస్టాన్'కు మాత్రం 0.0. మారిసన్‌కు పాప్ రేడియో అండ లేదు, పెద్ద కంపెనీ లేదు. అతని పాటలు వేసే కాలేజీ రేడియో పిల్లలు, అతని సీడీలు అమ్మే చిన్న షాపులవాళ్లు, టికెట్ కొనే శ్రోతలు, అందరూ ఆ రివ్యూలు చదివేవాళ్లే. రేడియోలు వెనక్కి తగ్గాయి, సరుకు పెట్టుకోవడానికి షాపులు తటపటాయించాయి.

అంటే సంగీతకారుడి శ్రోతలు, పత్రిక పాఠకులు ఎంతగా ఒకరే అయితే దెబ్బ అంత గట్టిగా తగులుతుంది. ఎవరికి ఇంకో దారి లేదో వాళ్లకే రివ్యూ ప్రాణాంతకం. నా మటుకు నేను ఈ రెండు సున్నాలనూ సమర్థించను. 0.0 ఇవ్వడమంటే రికార్డు గురించి చెప్పడం మానేసి, ఇచ్చిన మనిషి ఎంత తెలివైనవాడో చెప్పుకోవడమే. లిజ్ ఫేర్ రివ్యూ రాసిన విమర్శకుడు 2019లో బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. 2021లో పిచ్‌ఫోర్క్ తన పాత మార్కుల్లో కొన్నింటిని సవరించి, ఆ సున్నాను 6.0 చేసింది. పద్దెనిమిదేళ్ల తర్వాత!

అపోహ: ఒకసారి పడిన మార్కు ఆ పాటల విలువ. అది మారదు.

వాస్తవం: పైన చూశారుగా. ఇంకో రెండు చెప్తాను. న్యూట్రల్ మిల్క్ హోటల్ పేరుతో జెఫ్ మాంగమ్ చేసిన 'ఇన్ ద ఏరోప్లేన్ ఓవర్ ద సీ'కి 1998లో 8.7 వచ్చింది, 2005లో మళ్లీ విడుదలైనప్పుడు అదే పిచ్‌ఫోర్క్‌లో 10.0 వచ్చింది. మధ్యలో మాంగమ్ దాదాపు మాయమైపోయాడు, పిల్లలు ఒకరి నుంచి ఒకరు కాపీ చేసుకుని వింటూ ఆ రికార్డును మోశారు. దీనికి తిరగేసిన కేసు ఫ్లోరిడాకు చెందిన బ్లాక్ కిడ్స్‌ది. 2007లో ఉచితంగా పెట్టిన నాలుగు పాటల చిన్న రికార్డుకు (ఈపీకి) 8.4, మరుసటి ఏడాది పూర్తి ఆల్బమ్‌కు 3.3. ఆ రెండో రివ్యూలో వ్యాసమే లేదు: రెండు పగ్ కుక్కల ఫొటో, కింద "సారీ" అని ఒక మాట. ఆ నాలుగు పాటలూ ఆల్బమ్‌లోనూ ఉన్నాయి, కాకపోతే కొత్తగా రికార్డు చేశారు. ఏడాది కిందట మనమే నెత్తిన పెట్టుకున్నామన్న ఇబ్బంది తప్ప ఆ ఫొటోలో నాకు ఇంకేం కనిపించదు.

అపోహ: మంచి సంగీతకారులను విమర్శకులే వెతికి పట్టుకుంటారు.

ఈ పొగడ్త వినడానికి బాగుంటుంది. కానీ విల్ టోలెడో కథ తెలిస్తే మావాళ్లు తలదించుకోవాలి.

వర్జీనియాలోని లీస్‌బర్గ్ కుర్రాడు. ఇంట్లో పాడితే అందరికీ వినిపిస్తుందని, ఇంటి కారులో వెనక సీట్లో కూర్చుని పాడుతూ రికార్డు చేసుకునేవాడు. ఎదురుగా కనిపించే ముందు సీటు తలదిండు పేరే ప్రాజెక్టుకు పెట్టాడు: కార్ సీట్ హెడ్‌రెస్ట్. 2010 నుంచి, సంగీతకారులు తమ పాటలు తామే పెట్టి అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైట్‌లో వరసగా ఆల్బమ్‌లు పెట్టుకుంటూ పోయాడు. మొదటి నాలుగింటికి పేర్లు కూడా లేవు, 1, 2, 3, 4 అంతే. 2011లో 'ట్విన్ ఫాంటసీ' పెట్టాడు. పెద్ద పత్రికలకు ఆ సంగతే పట్టలేదు. దాన్ని బతికించింది ఒకరికొకరు లింకులు పంపుకున్న కాలేజీ వయసు పిల్లలు. 2015లో మాటడార్ లేబుల్ అతన్ని తీసుకుంది. ముందు ఎక్కువగా పాత పాటలనే మళ్లీ చేసి 'టీన్స్ ఆఫ్ స్టైల్' తెచ్చారు, 2016లో కొత్త పాటలతో 'టీన్స్ ఆఫ్ డెనయల్' వచ్చింది. అప్పుడు అందరూ ఒక్కసారిగా మేల్కొని "కొత్త ప్రతిభ" అని రాశారు. కొత్త ఎక్కడిది, అప్పటికి అతని పేరు మీద డజను దాకా విడుదలలున్నాయి.

2018లో టోలెడో 'ట్విన్ ఫాంటసీ'ని మొత్తం స్టూడియోలో, బ్యాండుతో మళ్లీ రికార్డు చేశాడు, అక్కడక్కడా మాటలు మార్చాడు. ఈసారి రివ్యూ రాయని పెద్ద పత్రిక కోసం వెతుక్కోవాల్సిందే. సౌండ్ బాగుపడిన మాట నిజమే. కానీ ఆ పాటల ఎముకలు ఏడేళ్ల కిందటివే. ఈ ఏడేళ్లలో సంగీతం మారినదానికంటే, పత్రికల ఇన్‌బాక్సులకు మెయిల్ పంపే మనుషులు అతనికి దొరకడమే పెద్ద మార్పు. (నన్నడిగితే 2011 వెర్షనే ఇష్టం. గొంతు మైకును దాటి బయటికొచ్చి పగిలిపోతున్నట్టుంటుంది, ఆ పాటలకు అదే కావాలి. దీని మీద స్నేహితులతో నాకు తెగని గొడవ.)

అపోహ: రివ్యూలో పాటలే లెక్క, వెనకున్న కథతో పని లేదు.

వాస్తవం: విడుదలకు కొన్ని వారాల ముందు నాకు ఒక మెయిల్ వస్తుంది. అందులో పాటల లింకు ఉంటుంది, ఆ ఆడియోలో నా పేరుతో వాటర్‌మార్క్ ఉంటుంది, అంటే లీకైతే దొరికేది నేనే. లింకుకు గడువు తేదీ, రివ్యూ ఫలానా రోజు దాకా వేయొద్దన్న షరతు ఉంటాయి. వీటితోపాటు ఒక పేజీ పీడీఎఫ్. ఆ పేజీలో కథ ఉంటుంది: బ్రేకప్, అమ్మమ్మ ఇల్లు, పాత టేప్ రికార్డర్. పాట మొదలవకముందే ఆ పేజీ చదివేస్తాం. చదివాక దాన్ని మరిచిపోయి వినడం ఎవరి వల్లా కాదు.

ఈ విషయంలో బాన్ ఐవర్‌ను మించిన ఉదాహరణ లేదు. ఆ పేరుతో పాడే జస్టిన్ వెర్నన్ 2006-07 చలికాలంలో విస్కాన్సిన్‌లో వాళ్ల నాన్న వేట క్యాబిన్‌లో ఒంటరిగా ఉండి 'ఫర్ ఎమ్మా, ఫరెవర్ అగో' చేశాడు. 2007లో సొంతంగా కొద్ది కాపీలు వేసుకున్నాడు, 2008లో జాగ్‌జాగ్వార్ లేబుల్ విడుదల చేసింది. ఆ క్యాబిన్, ఆ మంచు లేని రివ్యూ నేను చదవలేదు. కథ అబద్ధమేం కాదు. కానీ ఆ ఆల్బమ్ క్రెడిట్స్ తిరగేస్తే బ్రాస్ వాయిద్యాలు (ఇత్తడి బాకాలు) వాయించినవాళ్ల పేర్లు ఉంటాయి. మంచులో ఒంటరి మనిషి వెనక ట్రోంబోన్ ఎక్కణ్నుంచి వచ్చిందని అడిగినవాళ్లు తక్కువ.

అపోహ: డబ్బులిస్తే మంచి రివ్యూ వస్తుంది.

వాస్తవం: లేబుళ్లు డబ్బులిచ్చేది ప్రచారం చూసే పీఆర్ ఏజెన్సీకి. దానికి ప్రతిఫలం మా ఇన్‌బాక్సులో చోటు, మహా అయితే ఒకసారి వినడం. మాకు ముట్టేది రాసిన పత్రిక ఇచ్చే పారితోషికం. అదెంతో చెబితే ఈ అనుమానం మీకు మళ్లీ రాదు.

అపోహ: స్ట్రీమింగ్ వచ్చాక రివ్యూలను పట్టించుకునేవాళ్లు లేరు.

వాస్తవం: 2024 జనవరిలో పిచ్‌ఫోర్క్‌ను మగవాళ్ల ఫ్యాషన్ పత్రిక జీక్యూలో కలిపేస్తున్నట్టు యజమాని కాండే నాస్ట్ ప్రకటించింది. ఉద్యోగాలు పోయాయి, మా వృత్తికి సంతాప సందేశాలు వచ్చాయి. ఆ మార్చి చివర్లో కెనడా సంగీతకారుడు ప్యాట్రిక్ ఫ్లెగల్, సిండీ లీ పేరుతో 'డైమండ్ జూబిలీ' అనే ఆల్బమ్ పెట్టాడు. 32 పాటలు, రెండు గంటలు. స్పాటిఫైలో లేదు, యాపిల్‌లో లేదు. యూట్యూబ్‌లో ఒకే పొడుగాటి ఫైలు, జియోసిటీస్ అనే పాతకాలపు పేరుతో ఒక పేజీలో డౌన్‌లోడ్ లింకు, "30 కెనడియన్ డాలర్లు ఇస్తే సంతోషం" అన్నట్టు ఒక సూచన. నాకు తెలిసినంతలో ఆల్బమ్‌ను దాచిపెట్టడానికి ఇంతకంటే మంచి పద్ధతి లేదు.

ఏప్రిల్‌లో పిచ్‌ఫోర్క్ 9.1 ఇచ్చింది. 2020లో అమెరికా గాయని ఫియోనా ఆపిల్‌కు ఇచ్చిన 10 తర్వాత కొత్త ఆల్బమ్‌కు అంత పెద్ద మార్కు అదే. వింటే ఎక్కడో దూరపు స్టేషన్ నుంచి అరవైల నాటి పాట గాలికి తెగుతూ వస్తున్నట్టుంటుంది, ప్లేలిస్ట్‌లో వేసుకుని పక్కపని చేసుకునే సరుకు కాదు. అయినా జనం ఆ పేజీ వెతుక్కుంటూ వెళ్లారు. ఆ ఏడాది కెనడాలో ఏటా ఉత్తమ ఆల్బమ్‌కు ఇచ్చే పొలారిస్ ప్రైజ్ తుది జాబితాలోనూ అది నిలిచింది. అల్గారిథమ్‌కు అందని చోట ఉన్న సంగీతానికి మనిషి చెప్పే మాటే దారి. ప్లేలిస్టుల్లో దొరికే పాటలకు మా అవసరం తగ్గింది, నిజమే, ఒప్పుకుంటాను.

అపోహ: ముందు విడుదల చేసేద్దాం, రివ్యూ కోసం తర్వాత పంపుకోవచ్చు.

హైదరాబాద్, వైజాగ్ నుంచి సొంతంగా ఇంగ్లిష్‌లోనో తెలుగులోనో పాటలు చేసుకునేవాళ్లు నాకు పంపే మెయిళ్లలో ఎక్కువ భాగం ఇలాంటివే: "అన్నా, పోయిన నెల రిలీజ్ చేశాం, చూడండి."

2015 జులై నుంచి ప్రపంచమంతా కొత్త ఆల్బమ్‌లకు శుక్రవారమే విడుదల రోజు. పత్రికలు ఆ శుక్రవారాలను నెల ముందే నింపేసుకుంటాయి. పాట బయటికొచ్చాక చాలామంది ఎడిటర్లకు అది పాత వార్త. కాబట్టి విడుదలకు కనీసం నాలుగు నుంచి ఆరు వారాల ముందు పంపండి. ఫైళ్లు అటాచ్ చేయొద్దు, పాస్‌వర్డ్ అవసరం లేని ప్రైవేట్ స్ట్రీమింగ్ లింకు ఇవ్వండి. విడుదల తేదీ మెయిల్ సబ్జెక్టులోనే రాయండి. "రేడియోహెడ్‌లా ఉంటుంది" అనొద్దు, ఎవరు ఏం వాయించారో, ఎక్కడ రికార్డు చేశారో రాయండి. విడుదల ఇప్పటికే అయిపోయుంటే బ్యాండ్‌క్యాంప్ సైట్ నడిపే పత్రిక బ్యాండ్‌క్యాంప్ డైలీ లాంటి చోట్ల ప్రయత్నించండి, చిన్న రికార్డులను వెతికి రాసే ఓపిక అక్కడ ఇంకా ఉంది. మొదట వినిపించాలనుకున్న పాటను ఆల్బమ్‌లో ఆరోదిగా పెట్టి, మెయిల్‌లో "ఆరోది తప్పకుండా వినండి" అని రాసేవాళ్లూ ఉన్నారు. దాన్నే మొదటి పాటగా పెట్టండి.