‘ఫ్లాష్ కదా, ఏం కాదులే’: పాటల ప్లేయర్ల మీద అపోహలు - వాస్తవాలు

పోయిన నెలలో ఒక పెద్దావిడ చేతిరుమాల్లో చుట్టుకుని చిన్న ఎంపీ3 ప్లేయర్ ఒకటి తెచ్చారు. వేలెడంత ఉంది, మీద కంపెనీ పేరు కూడా లేదు. అందులో వాళ్ల నాన్నగారు చెప్పిన హరికథ ఉందట. క్యాసెట్ నుంచి ఇందులోకి ఎక్కించి, బూజు పట్టిందని ఆ క్యాసెట్ పారేశారు. తొమ్మిదేళ్లు బీరువా లాకర్లో దాచి, మొన్న మనవరాలికి వినిపిద్దామని తీస్తే ఒక్క ఫైలూ పలకలేదు. "ఇందులో తిరిగే భాగమే లేదు, పాడవదు అని చెప్పారు నాయనా" అన్నారు.

సికింద్రాబాద్‌లో డేటా రికవరీ పని చేస్తూ ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మనుషుల చేత ఎక్కువ పోగొట్టిస్తున్న అపోహ ఇదే. అందుకే ముందు దీని సంగతి చెబుతాను.

అపోహ: ఫ్లాష్ పాడవదు, హార్డ్ డిస్కే పాడవుతుంది.

ఫ్లాష్ అంటే తిరిగే భాగం లేకుండా చిప్‌లో దాచే మెమరీ, హార్డ్ డిస్కు అంటే తిరిగే పళ్లెం మీద రాసేది. దెబ్బకు తట్టుకోవడం వేరు, దాచింది దాచినట్టు ఉంచడం వేరు. జనం ఈ రెంటినీ ఒకటే అనుకుంటున్నారు.

దెబ్బ విషయంలో ఫ్లాష్‌దే పైచేయి, అందులో వాదన లేదు. 2001 అక్టోబరులో వచ్చిన మొదటి ఐపాడ్‌లో 1.8 అంగుళాల తోషిబా డిస్కు ఉండేది, 5 జీబీది. నిమిషానికి 4,200 చుట్లు తిరిగే పళ్లెం, దాని మీద వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని ఎత్తులో తేలుతూ రాతను చదివే హెడ్. తిరుగుతుండగా గచ్చు మీద పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. 2005లో ఐపాడ్ నానో ఫ్లాష్‌తో వచ్చాక ఆ భయం పోయింది. ‘ఇక పాడవదు’ అనే మాట ఊరంతా పాకింది కూడా ఆ రోజుల్లోనే.

కానీ ఫ్లాష్ చిప్‌లో పాట అంటే ఏమిటి? చిన్న చిన్న గదుల్లో బంధించిన విద్యుదావేశం. అది మెల్లగా కారిపోతూ ఉంటుంది. చవక ప్లేయర్లలో, కార్డుల్లో ఎక్కువగా ఉండే టీఎల్‌సీ రకం చిప్‌లో ఒక్కో గదిలో మూడు బిట్లు ఇరికిస్తారు. అంటే ఆవేశంలో ఎనిమిది మెట్లు గుర్తుపట్టాలి. కొద్దిగా కారినా మెట్టు తప్పుతుంది, బిట్టు తప్పవుతుంది. వేడికి ఇంకా తొందరగా కారుతుంది. మేడ మీద గది, పైన స్లాబు, మే నెల... ఆ బీరువా లోపల ఎంత వేడి ఉంటుందో మనకు తెలుసు.

కంగారు పడకండి. మంచి చిప్, పెద్దగా తుడిచి రాయనిది, కరెంటు లేకుండా ఏళ్ల తరబడి ఉండగలదు. కానీ బాగా వాడి అరిగిపోయిన ఎస్ఎస్‌డీకి (కంప్యూటర్లలో వాడే ఫ్లాష్ డ్రైవ్‌కు) జెడెక్ అనే చిప్ పరిశ్రమ సంస్థ ప్రమాణం అడిగేది, కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఒక్క ఏడాదే. పేరులేని కంపెనీ ప్లేయర్‌కైతే ఏ హామీ ఉంది?

అదే హార్డ్ డిస్కులో రాత అయస్కాంతపు రాత. మోటారు బిగుసుకుపోయినా, హెడ్ పోయినా పళ్లెం మీద పాట అలాగే ఉంటుంది. పైగా డిస్కు చాలాసార్లు ముందే చెబుతుంది: టిక్ టిక్ అంటుంది, పాట మధ్యలో ఆగుతుంది, కాపీ నత్తనడక నడుస్తుంది. ఫ్లాష్ కంట్రోలర్, అంటే మెమరీని నడిపించే చిప్, పోయేటప్పుడు చప్పుడు చెయ్యదు. నిన్న పాడింది, ఇవాళ కంప్యూటర్‌కు కనిపించనే కనిపించదు.

ఇది నాకు మా మేనమామ విషయంలో బాగా తెలిసొచ్చింది. విజయవాడ రేడియోలో భక్తిరంజని వచ్చేటప్పుడు ఆయన ఏళ్ల తరబడి టేపు చేసుకున్నవన్నీ ఒక ఐపాడ్ క్లాసిక్‌లో ఉండేవి. డిస్కు టిక్ టిక్ అంటోందని నా దగ్గరికి తెచ్చారు. అన్నీ మెమరీ కార్డులోకి మార్చి, "ఇక టెన్షన్ లేదు మామయ్యా" అన్నాను. ఇంకో కాపీ తీసి పెట్టలేదు. మూడేళ్లకు కార్డు చచ్చిపోయింది, అప్పటికి ఆ పాత డిస్కు ఎక్కడుందో కూడా తెలియదు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత ఎవరికీ ‘ఇది చాలు’ అని నేను చెప్పలేదు.

పెద్దావిడ ప్లేయర్ విప్పి, చిప్ ఊడదీసి, రీడర్లో పెట్టి నాలుగు రోజులు కూర్చున్నాను. పదకొండు ఫైళ్లలో రెండు పూర్తిగా వచ్చాయి, మూడు తునకలుగా వచ్చాయి. మంగళం దొరికింది, కథ మధ్యభాగం దొరకలేదు. ఆవిడ ఆ మంగళమే మూడుసార్లు విన్నారు.

అపోహ: ఏడాదికోసారి ఛార్జింగ్ పెడితే చాలు.

చాలదు. కరెంటు తగిలినంత మాత్రాన చవక చిప్ తనను తాను తిరగరాసుకోదు. ఏడాదికోసారి ఫైళ్లన్నీ కంప్యూటర్లోకి తీసి, తెరుచుకుంటున్నాయో లేదో చూసి, మళ్లీ ఎక్కించండి. ఇంకో కాపీ హార్డ్ డిస్కులో, మరొకటి వేరే ఇంట్లో ఉండాలి.

అపోహ: రోజూ పాటలు వింటే ఫ్లాష్ అరిగిపోతుంది.

చదివితే అరగదు. తుడిచి రాస్తేనే అరుగుతుంది. హాయిగా వినండి.

అపోహ: డిస్కు ఉన్న ప్లేయర్‌తో నడవకూడదు.

నడవచ్చు. మొదటి ఐపాడ్ పాటల్ని ముందే 32 ఎంబీ మెమరీలోకి లాక్కుని డిస్కును ఆపేసేది. మామూలు ఎంపీ3లైతే ఇరవై నిమిషాల దాకా డిస్కుతో పని పడదు. నాణ్యత తగ్గించకుండా దాచే పెద్ద ఫైళ్లు (లాస్‌లెస్) పెట్టుకుంటే మాత్రం మాటిమాటికీ తిరుగుతుంది. పరుగెత్తేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. లడఖ్ వెళ్లేవాళ్లు ఇంకొకటి: హెడ్ తేలేది గాలి మీద, ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. ఐపాడ్ డిస్కుకు చెప్పిన హద్దు 3,000 మీటర్లు, లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ దాన్ని ఆపి ఉంచండి.

అపోహ: విమానాశ్రయం ఎక్స్‌రేలో పాటలు చెరిగిపోతాయి.

చెరగవు, డిస్కులోవైనా ఫ్లాష్‌లోవైనా.

అపోహ: టిక్ టిక్ అనే డిస్కును ఫ్రీజర్‌లో పెడితే బతుకుతుంది.

దయచేసి ఈ పని చెయ్యకండి. ఫ్రీజర్లోంచి తీయగానే డిస్కులో తేమ పడుతుంది, ఆ తేమ మీద హెడ్ నడిస్తే పళ్లెం గీరుకుపోతుంది. మామూలుగా అయితే నేను తీయగలిగే డిస్కులు ఇలా చేతికి అందకుండా పోయాయి. కొట్టడం, ఆడిస్తూ పదే పదే ఆన్ చెయ్యడం కూడా అంతే. టిక్ టిక్ విన్నాక మళ్లీ ఆన్ చెయ్యకుండా తీసుకురండి.

ఫ్లాష్ ప్లేయరైతే, కంప్యూటర్‌కు పెట్టగానే ‘ఫార్మాట్ చెయ్యమంటారా’ అని అడగవచ్చు. వద్దు అని నొక్కి, తీసి పక్కన పెట్టండి. పాటలు పోయినట్టు కనిపించాక అందులో కొత్తగా ఒక్క ఫైలు కూడా ఎక్కించకండి. రికార్డు చేసిన అసలు క్యాసెట్ అటక మీద ఎక్కడైనా ఉందేమో కూడా ఒకసారి వెతకండి. బూజు పట్టినా పారెయ్యకండి, శుభ్రం చేసి ఎక్కించేవాళ్లు ఇంకా ఉన్నారు.