జముకు తీగ, ఆటోలో ఏడుపు పాట

శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్‌లో అరసవల్లి ఆటో ఎక్కితే సీటు దొరుకుతుందో లేదో గానీ, లవ్ ఫెయిల్యూర్ పాట మాత్రం గ్యారంటీ. మొన్న నేనెక్కిన ఆటో కుర్రాడు ఒకే పాటను మూడోసారి పెట్టాడు. యాస మనదే, డప్పు మనదే, మధ్యలో కీబోర్డూ గిటారూ. ఎన్నిసార్లు వింటావు నాయనా అంటే, "ఏటో బావూ, 'ఎలిపోనావేటే' అని లాగుతాడు సూడండి, అక్కడ గుండె పట్టేస్తాది" అన్నాడు.

సైన్సంతా ఆ లాగడంలోనే ఉంది.

మన ఉత్తరాంధ్రలో జముకు వాయిస్తూ చెప్పే జముకుల కథ విన్నవాళ్లకు ఇది కొత్త కాదు. జముకు చూడ్డానికి అడుగున తోలు బిగించిన చిన్న బకెట్టులా ఉంటుంది. తోలు మధ్య నుంచి ఒక తీగ వస్తుంది. డబ్బాను చంకలో ఇరికించి, ఒక చేత్తో తీగను లాగిపట్టి, రెండో చేత్తో మీటుతారు. చెయ్యి బిగిస్తే స్వరం పైకి పోతుంది, వదిలితే కిందికి వస్తుంది. వీణలోలా మెట్లుండవు, అంతా జారుడుబల్లే.

తీగ పౌనఃపున్యం, అంటే సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందన్నది, దాని బిగువు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. కింది 'స' నుంచి పై 'స'కు పోవాలంటే పౌనఃపున్యం రెట్టింపు కావాలి, దానికి బిగువు 4 రెట్లు కావాలి. 'స' నుంచి 'రి'కి (చతుశ్శ్రుతి రిషభానికి) బిగువు సుమారు 27 శాతం పెంచితే చాలు. జముకులో తీగతో పాటు తోలూ సాగుతుంది కాబట్టి లెక్క అచ్చంగా కుదరదనుకోండి. వాయించేవాడు లెక్కలు వెయ్యడు. కథలో కూతురు అత్తారింటికి బయల్దేరిందంటే ఎంత లాగాలో చేతికే తెలుస్తుంది.

మన గొంతులోనూ దాదాపు ఇదే ఏర్పాటు. కండరాలు స్వరతంత్రుల్ని సాగదీస్తే స్వరం పెరుగుతుంది. ఏడుపొచ్చినప్పుడు ఆ కండరాల మీద పట్టు తప్పి స్వరం జారుతుంది, వణుకుతుంది. సంగీతంలో ఆ జారుడు వినబడితే, ఎవరో ఏడుస్తున్నట్టే మెదడు స్పందిస్తుందని కొందరు శాస్త్రవేత్తల వాదన. ఏ చోట కన్నీళ్లొస్తాయని బ్రిటన్ మనస్తత్వవేత్త జాన్ స్లొబోడా శ్రోతల్నే అడిగి 1991లో ఒక పరిశోధన ప్రచురించాడు. అసలు స్వరం మీద వాలబోయే ముందు పక్క స్వరం మీద ఒక్క క్షణం ఆగే చోట్లు ఆ జవాబుల్లో ప్రముఖంగా కనిపించాయి. స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పాడే మన గమకాలకు ఇది దగ్గరి చుట్టమే. 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలలో చదివిన ఘంటసాల, సుశీల విరహగీతం పాడితే ఏమవుతుందో వేరే చెప్పాలా!

మరి ఇప్పటి ఫోక్ పాప్ సంగతి? 1997లో ఆటోట్యూన్ వచ్చింది. దాన్ని తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు భూమిలో చమురు వెతికేందుకు ధ్వని తరంగాల్ని విశ్లేషించేవాడు. గాయకుడి స్వరం ఎంతుందో పట్టుకుని, దగ్గర్లో ఉన్న సరైన స్వరం మీదికి నెట్టడం ఈ సాఫ్ట్‌వేర్ పని. నెమ్మదిగా నెట్టేలా పెడితే జారుడు చాలావరకు బతుకుతుంది. వేగంగా పెడితే జారుడుబల్ల కాస్తా మెట్లయిపోతుంది. ఆ మరమనిషి గొంతు కావాలనే కోరుకునేవాళ్లూ ఉన్నారు, కాదనను. కానీ పల్లె గొంతును తెచ్చి, ఇస్త్రీ చేసి, కింద డప్పు వేసి జానపదం అంటే నాకు మింగుడుపడదు. డప్పు కంప్యూటర్లోనూ దొరుకుతుంది.

అరసవల్లి దగ్గరపడుతుండగా పాట నాలుగోసారి మొదలైంది. ఈసారి చెవులు రిక్కించి విన్నాను. 'ఎలిపోనావేటే' చివర రికార్డింగులో లాగుడే లేదు, టకటకా మూడు మెట్లు దిగింది, అంతే. లాగుతున్నది కుర్రాడు. హ్యాండిల్ మీద వేలితో తాళం వేస్తూ, పాటతో పాటు తనూ సన్నగా పాడుతున్నాడు.