కొటియా: పేర్లతో గీసిన హద్దు

ఆంధ్ర, ఒడిశా రెండూ మావేనంటున్న సరిహద్దు కొండ ఊళ్ల గుంపు కొటియా మళ్లీ వార్తల్లోకి వచ్చింది. రెండు ఓటరు కార్డులు, రెండు రేషన్ కార్డుల సంగతి అందరూ రాసిందే కాబట్టి వదిలేస్తున్నాను. ఈ 21 ఊళ్లు ఎవరివన్నది తేల్చాల్సింది పాత దస్త్రాలు. ఆ దస్త్రాలు 1936 దగ్గర చీలిపోయాయి.

ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడింది. విశాఖపట్నం జిల్లా నుంచి విడదీసిన కొండ ప్రాంతంతో కొరాపుట్ జిల్లా పుట్టింది. హద్దును మాత్రం సర్వే నంబర్లతో కాకుండా జయపురం ఎస్టేటు, పొట్టంగి తాలూకా అని పేర్లతో చెప్పారు. గొడవంతా ఇక్కడే మొదలైందని నా నమ్మకం. జమీందార్లు సర్కారుకు ఏటా కట్టాల్సిన సొమ్ము, అంటే పేష్కష్, 1802 శాశ్వత శిస్తు విధానంతోనే ఖాయమైపోయింది. ఎస్టేటు మొత్తానికి సొమ్ము ముడుతుంటే ఏ కొండ పక్కన ఏ గూడెం ఉందో సర్కారు కొలిచి రాసుకోలేదు. ఊరి వివరం కావాలంటే కరణం లెక్కలే దిక్కు.

అదే విభజనలో పర్లాకిమిడి కూడా అటు వెళ్లింది. సవర భాషకు నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి పంతులు, జీవితమంతా గడిపిన ఆ ఊరు వదిలి రాజమండ్రి చేరుకున్నారు. ఆ బాధ కొటియా కథలోనూ ఉంది, కాకపోతే ఇక్కడి గిరిజనుల తరఫున రాసిపెట్టినవారు లేరు.

పొట్టంగిలో భాగం కాబట్టి ఊళ్లు మావేనంటుంది ఒడిశా. ఆంధ్ర వాదన సాలూరు వైపు నుంచి మొదలవుతుంది. సంతకైనా ఆస్పత్రికైనా ఈ జనం కొండ దిగి వచ్చేది సాలూరుకే. అయితే ఆ సాలూరు కూడా ఒక జిల్లాలో నిలవలేదు. 1950 దాకా విశాఖపట్నం, 1979 దాకా శ్రీకాకుళం, తర్వాత విజయనగరం, 2022 నుంచి పార్వతీపురం మన్యం. అంతకుముందు నాటి మద్రాసు ప్రెసిడెన్సీ ఫైళ్లు కావాలంటే చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌కి పోవాలి. ఊరు కదల్లేదు, దాని కాగితాల కోసం వెతకాల్సిన చోట్లు మాత్రం పెరుగుతూ పోయాయి.

పాత ఫోటోలు కూడా సాక్ష్యమేనని ఇప్పుడు కొందరు చూపిస్తున్నారు. తలపాగాల వరుస, వెనక కొండ. దాన్నిబట్టి హద్దు తెలియదు. ఫోటో వెనక రాసిన ఊరి పేరు, తేదీ, ఎవరి కచేరీ ముద్ర ఉందో చూడాలి. స్కాన్ చేసేవాళ్లు ముందు వైపే తీసి వెనక వైపు వదిలేస్తే అసలైన ఆధారం పోయినట్టే.

1968లో ఒడిశా సుప్రీంకోర్టుకెక్కింది. యథాతథ స్థితి అన్నారు. 2006లో, సరిహద్దు మార్చే అధికారం పార్లమెంటుదేనంటూ కోర్టు పక్కకు తప్పుకుంది. అంటే 38 ఏళ్ల తర్వాత కూడా ఊళ్లు ఎవరివో తేలలేదు. 2021లో ఆంధ్ర పంచాయతీ ఎన్నికలు పెడితే కోర్టు ధిక్కారమని ఒడిశా మళ్లీ వెళ్లింది.

అప్పుడు ఓటేసిన మనిషి తాత చేతికి జమీందారీ కాలంలో ఎవరు శిస్తు రసీదు ఇచ్చారో, ఏ భాషలో ఇచ్చారో రెండు ప్రభుత్వాలూ కలిసి కూర్చుని ఊరూరా అడగాలి. ఆ రసీదులు ఇంకా ఏ ఇంటి ట్రంకు పెట్టెలోనైనా ఉంటే, చెదలు పట్టక ముందే చదవాలి.