నౌరోజీ ఎంపీ పదవి: నోట్సుల్లో తిరిగే అపోహలు

గ్రూప్స్ రాసేవాళ్లకు ఆధునిక భారత చరిత్ర చెబుతుంటాను. దాదాభాయ్ నౌరోజీ గురించి అందరి నోట్సులోనూ ఉండేది ఒకే లైను: 1892లో బ్రిటిష్ ఎంపీ అయిన తొలి భారతీయుడు. బిట్‌కు అది చాలు. మెయిన్స్‌లో మాత్రం కింది అపోహలే మార్కులు తినేస్తున్నాయి.

అపోహ: ఆయన్ని భారతదేశం తరఫున పంపారు.
వాస్తవం: బ్రిటిష్ పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్‌లో భారత్‌కు సీటే లేదు. లండన్‌లోని సెంట్రల్ ఫిన్స్‌బరీలో లిబరల్ పార్టీ టికెట్ మీద గెలిచారు. ఓటేసింది అక్కడి మగవాళ్లు. మన దేశం నుంచి సంపద బ్రిటన్‌కు తరలిపోతోందన్న ఆయన వాదన వాళ్లకేం పట్టింది? అందుకే ఐర్లండ్ స్వపరిపాలన లాంటి అక్కడి విషయాలూ మాట్లాడారు.

అపోహ: పోటీ చేసిన మొదటిసారే గెలిచారు.
వాస్తవం: 1886లో హోబర్న్‌లో ఓడిపోయారు. 1888లో బ్రిటిష్ ప్రధాని సాలిస్‌బరీ ఆ ఓటమిని ప్రస్తావిస్తూ, ఇంగ్లిష్ వాళ్లు ఒక నల్లవాణ్ని ఎన్నుకునే రోజు ఇంకా రాలేదన్నట్టు మాట్లాడాడు. తిట్టబోయి ఉచితంగా ప్రచారం చేసిపెట్టాడు! దాంతో నౌరోజీ పేరు బ్రిటన్ అంతా తెలిసింది. 1892లో, 66 ఏళ్ల వయసులో, 5 ఓట్ల తేడాతో గెలిచారు. కొన్ని పుస్తకాల్లో 3 అని కనిపిస్తుంది, కంగారు పడకండి.

అపోహ: ఎంపీ జీతం బాగానే వచ్చేది.
వాస్తవం: బ్రిటన్‌లో ఎంపీలకు జీతం మొదలైందే 1911లో.

అపోహ: ఆయన వల్ల ఐసీఎస్ (బ్రిటిష్ ఇండియా ఉన్నతాధికారుల సర్వీసు) పరీక్ష భారత్‌లోనూ మొదలైంది.
వాస్తవం: సగమే నిజం. రెండు దేశాల్లో ఒకేసారి పరీక్ష పెట్టాలన్న తీర్మానం 1893 జూన్‌లో 84-76 ఓట్లతో నెగ్గింది. ప్రవేశపెట్టింది తోటి లిబరల్ హెర్బర్ట్ పాల్, వెనకున్నది నౌరోజీ. సర్కారు దాన్ని ఇక్కడి రాష్ట్ర ప్రభుత్వాల అభిప్రాయానికి పంపింది. మన కోస్తా, సీమ జిల్లాలున్న మద్రాసు తప్ప మిగతావన్నీ వద్దన్నాయి. తీర్మానం అటకెక్కింది. భారత్‌లో పరీక్ష జరిగింది 1922లో, అప్పటికి నౌరోజీ పోయి అయిదేళ్లు. సభలో నెగ్గడం వేరు, అమలు వేరు. ఈ తేడా రాసిన జవాబు నాకింకా అరుదుగానే కనిపిస్తోంది.

అపోహ: 1895లో ఆయన ఓడాక సభలో భారతీయులే లేరు.
వాస్తవం: అదే ఎన్నికల్లో మంచెర్జీ భావనగ్రీ బెత్నల్ గ్రీన్‌లో గెలిచారు. ఆయనా బొంబాయి పార్సీయే. కాకపోతే కన్జర్వేటివ్, పైగా బ్రిటిష్ పాలనను గట్టిగా సమర్థించిన మనిషి.