ఎన్ని పిట్టలకు పురుగు దొరకదు?

ఐదు పిట్టలు, మూడు పురుగులు ఉన్న బొమ్మ చూపించి, "పురుగుల కంటే పిట్టలు ఎన్ని ఎక్కువ?" అని టామ్ హడ్సన్ అనే పరిశోధకుడు పిల్లల్ని అడిగారు. యూకేజీ ఈడు పిల్లల్లో నలుగురికి ఒక్కరే సరిగ్గా చెప్పారు. అదే బొమ్మ చూపించి, "పిట్టలన్నీ పురుగుల కోసం ఎగబడ్డాయనుకో, ఎన్నింటికి పురుగు దొరకదు?" అంటే 96 శాతం మంది చెప్పేశారు. 1983లో అచ్చయిన పరిశోధన ఇది. బొమ్మ అదే, అంకెలూ అవే. మారిందల్లా ప్రశ్న.

"వాడికి లెక్కలు రావు" అని తేల్చేసే ముందు ఈ పిట్టల్ని గుర్తు చేసుకోవడం మంచిది.

ఇంకో లెక్క చూడండి. "రవి దగ్గర 8 గోళీలున్నాయి. సలీం కంటే రవి దగ్గర 3 ఎక్కువ. సలీం దగ్గర ఎన్ని?" చాలామంది పిల్లలు 11 అంటారు. 'ఎక్కువ' కనబడగానే కూడేశారన్నమాట. ఇలాంటి లెక్కలిచ్చి, వాటిని సొంత మాటల్లో తిరిగి చెప్పమని 1988లో డెనిస్ కమిన్స్, వాల్టర్ కించ్ బృందం పిల్లల్ని అడిగింది. తప్పు జవాబులు చాలావరకు, పిల్లలు అర్థం చేసుకున్న కథకు సరైన జవాబులే! 'ఆమె దగ్గర ఇతని కంటే 5 ఎక్కువ' అన్న వాక్యం కొందరి చెవికి 'ఆమె దగ్గర 5 ఉన్నాయి' అన్నట్టే వినబడింది.

దీనికి మనం కనిపెట్టిన మందు జబ్బును ముదరబెడుతుంది. 'మొత్తం' అంటే కూడిక, 'మిగిలినవి' అంటే తీసివేత, 'పంచితే' అంటే భాగహారం అని బట్టీ పట్టిస్తాం. సరే, "ఆరుగురికి తలా 4 జామకాయలు పంచితే మొత్తం ఎన్ని కాయలు కావాలి?" పంచడం ఉంది, మొత్తం ఉంది, చెయ్యాల్సింది మాత్రం గుణకారం. చిట్కా నేర్చిన పిల్లాడు ఇక్కడే బోల్తా పడతాడు.

ఇంగ్లీషు మీడియం పిల్లలకు ఇంకో మెలిక. "హౌ మెనీ ఆర్ లెఫ్ట్?" లో 'లెఫ్ట్' అంటే వాళ్లకు తెలిసింది ఎడమ. ఆంధ్రప్రదేశ్‌లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగుగా పుస్తకాలిచ్చారు, మంచి పనే. కానీ ఇంట్లో 'తేడా' అనే మాటకు పుస్తకంలో 'వ్యత్యాసం', 'భేదం' ఎదురైతే తెలుగు పేజీ కూడా పరాయిదే అవుతుంది.

అలాగని కథ తీసేసి ఉత్త అంకెలిస్తే తేలికవుతుందా? బ్రెజిల్‌లోని రెసిఫే నగరంలో వీధుల్లో సరుకులమ్మే ఐదుగురు పిల్లల మీద టెరెజిన్యా నునెస్ తదితరుల అధ్యయనం 1985లో వచ్చింది. బేరాల దగ్గర వాళ్ల లెక్కలు 98 శాతం సరిపోయాయి. అవే లెక్కల్ని చిన్న కథలాంటి పద సమస్యలుగా ఇస్తే 74 శాతం, ఉత్త అంకెలుగా ఇస్తే 37 శాతం. అందులో ఒక పన్నెండేళ్ల కుర్రాడు ఒక్కోటి 35 క్రుజేరోల (అప్పటి బ్రెజిల్ డబ్బు) కొబ్బరికాయలు నాలుగైతే ఎంతో నోటితోనే లెక్కగట్టి 140 అన్నాడు. ఆ తర్వాత 35ని 4తో గుణించమంటే, వాడికొచ్చిన జవాబు 200.