అడ్డంగా అల్లే లేసు స్వెట్టర్: అపోహలు - వాస్తవాలు

అపోహ: కొలత కోసం ముందుగా అల్లి చూసే నమూనా ముక్కలో కుట్ల లెక్క సరిపోతే చాలు, వరుసలు ఎలాగోలా సర్దుకుంటాయి.

కింది నుంచి పైకి అల్లే స్వెట్టర్‌కు ఈ మాట కొంతవరకు చెల్లుతుంది. పొడవు చాలకపోతే మరో నాలుగు వరుసలు అల్లుకుంటాం. చేతి అంచు దగ్గర మొదలై ఒంటి మీదుగా అడ్డంగా సాగే అల్లికలో లెక్క తిరగబడుతుంది. ఇక్కడ కుట్లు పొడవును, వరుసలు ఛాతీ కొలతను నిర్ణయిస్తాయి. ప్రతి తరగతిలోనూ ఇదే మొత్తుకుంటాను. అయినా ఎవరో ఒకరు పూర్తయిన స్వెట్టర్ పట్టుకుని కళ్లనీళ్లతో వస్తూనే ఉంటారు.

ఆ మధ్య ఒకావిడ వచ్చారు. "మేడమ్, ఒక్క కుట్టు కూడా తప్పలేదు. ఉతికాక జోలెలా వేలాడుతోంది" అన్నారు. నిజంగానే తప్పలేదు, అల్లిక చూడముచ్చటగా ఉంది. అదృష్టం కొద్దీ నమూనా ముక్క దాచుకున్నారు. దాన్ని సూది మీంచి దించగానే కొలిచేశారట. ఆ డిజైను 12 వరుసలది. నాలుగు డిజైన్లు, అంటే 48 వరుసలు, 17 సెం.మీ. వచ్చాయి. అదే ముక్కను నానబెట్టి, తువ్వాలులో ఒత్తి, పరిచి పిన్నులు గుచ్చి ఆరబెట్టించాను. 18.5 వచ్చింది.

ఒకటిన్నర సెంటీమీటరే కదా అనుకోకండి. 10 సెం.మీ.కు 28 వరుసలనుకుని, 50 సెం.మీ. వెడల్పుకు ఆవిడ 140 వరుసలు అల్లారు. ఉతికాక అసలు లెక్క 26. వెడల్పు 54కు చేరింది, ముందూ వెనకా కలిపితే 108. అంతటితో అయిపోలేదు. అల్లిన బట్ట వరుస సాగిన దిశలోనే ఎక్కువ సాగుతుంది. అడ్డం అల్లికలో ఆ దిశ నిలువుకు వస్తుంది కాబట్టి బరువుకు స్వెట్టర్ పొడవూ దిగుతుంది. అందుకే ఆరిన ముక్కను భుజం వైపు అంచుకు క్లిప్పులు పెట్టి ఒక రాత్రి తీగకు వేలాడదీసి, మళ్లీ కొలవాలి. ఆ ముక్క లేసు డిజైనులోనే ఉండాలి సుమా! సాదా అల్లిక కొలత దీనికి పనికిరాదు.

ఇప్పటికే అల్లేసినవాళ్లు కంగారుపడి మొత్తం విప్పకండి. ఆవిడది రెండు చేతుల వైపు నుంచీ అల్లుకొచ్చి మధ్యలో కలిపిన స్వెట్టర్. అతుకు విప్పించి, చెరో సగంలో ఆరు వరుసల చొప్పున తీయించాను. చుట్టుకొలత 9 సెం.మీ. తగ్గింది. మెడ కాస్త ఇరుకైంది కానీ, చలికి అదే నయమన్నారు.

అపోహ: ఇది చేయి తిరిగినవాళ్ల పని.

ఎవరు పుట్టించారో! చేతులు విడిగా అల్లి చంకల దగ్గర అతికే తలనొప్పే ఇందులో లేదు.

అపోహ: లేసులో ఒక కుట్టు జారితే అంతా పాడు.

డిజైను ఒకసారి పూర్తవగానే సూది మీది కుట్లన్నిటిలోంచీ వేరే రంగు నున్నటి దారం ఎక్కించి వదిలేయండి. విప్పాల్సి వచ్చినా అక్కడితో ఆగుతుంది.

అపోహ: నరసాపురం లేసూ ఇదీ ఒకటే.

కాదు. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ లేసు ఒకే కొక్కెం సూదితో అల్లే క్రోషియా. ఇది రెండు సూదుల పని.

అపోహ: తడిపి పరిస్తే ఏ దారమైనా రూపు నిలుపుకుంటుంది.

ఉన్ని నిలుపుకుంటుంది. అక్రిలిక్‌కు ఆవిరి వేడి కావాలి, అదీ పైపైన. ఇస్త్రీపెట్టె ఆనించారా, లేసు చచ్చుబడిపోతుంది. మళ్లీ ఎన్నిసార్లు ఉతికినా లేవదు.